వంటింటి రేకు మీద మన బొమ్మ

(గుంటూరు ప్రాంతంలో అసంఘటిత రంగ మహిళలతో పనిచేసే కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రెండు రోజుల్లో మీరు చట్టాల గురించి చాలా విన్నారు. నన్ను పిలిచింది మాత్రం అచ్చు వేయడం గురించి మాట్లాడమని. చట్టానికీ అచ్చుకీ ఏమిటి సంబంధమని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

పనిచేసే చోట్ల లైంగిక వేధింపులను నిరోధించే చట్టం 2013లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి జిల్లాలోనూ ఒక స్థానిక కమిటీ ఉండాలి. పదిమంది కంటే తక్కువ మంది పనిచేసే చోట వేధింపు జరిగినా, వేధించినవాడు యజమానే అయినా, ఇళ్ళలో పనిచేసే ఆమె అయినా ఆ కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. మూడు నెలల లోపల చేసుకోవాలి, తగిన కారణం ఉంటే ఆ గడువును ఇంకో మూడు నెలలు పెంచే అధికారం కమిటీకి ఉంది. రాయడం రాని ఆమెకి ఫిర్యాదు రాసుకోవడంలో సాయం చేయవలసిన బాధ్యత కూడా కమిటీదే. ఇవన్నీ మీకు తెలుసు. కోల్డు స్టోరేజీల దగ్గర రోజంతా మిరపకాయల ఘాటులో కూర్చుని తొడాలు తీసే స్త్రీలలో ఎంతమందికి తెలుసు? ఆ కమిటీ ఏ ఆఫీసులో, ఏ గదిలో ఉందో ఎంతమందికి తెలుసు?

ఫోనుంది కదా, ఒక్క మెసేజి పంపితే చాలదా అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉందని చెప్పిన స్త్రీలు దేశం మొత్తం మీద 54 శాతమే. మిగిలిన ఇళ్ళలో ఫోను భర్తది, లేకపోతే కొడుకుది. మేస్త్రీ మీద ఫిర్యాదు ఎలా చేయాలో చెప్పే మెసేజి ముందు ఎవరి కంట పడుతుందో ఆలోచించండి. కాగితం గోడ మీద ఉంటుంది. దాన్ని చూసినట్టు ఎవరికీ తెలియనక్కర్లేదు. దాని ముందు నలుగురు నిలబడి మాట్లాడుకోవచ్చు.

అయితే ఏ కాగితం? ఒకచోట మిర్చి పని చేసే స్త్రీల మధ్య వేధింపుల గురించి పట్నంలో అచ్చయిన పోస్టరు ఒకటి పరిచాం. అందులో ఒకామె మోకాళ్ళలో తల దాచుకుని ఏడుస్తూ ఉంటుంది. ఆమె మీద నల్లటి చెయ్యి నీడ. మీరు వందసార్లు చూసిన బొమ్మే. ఒకావిడ చాలాసేపు చూసి, "మేమెప్పుడమ్మా ఇట్టా కూర్చుంది? ఇట్టా కూర్చుంటే కూలెవడిస్తాడు?" అంది. పక్కనామె, "దీన్ని చూస్తే భయమేస్తంది గాని ధైర్యం రావట్లా" అంది. నా దృష్టిలో అంతకు మించిన పోస్టరు విమర్శ లేదు. ఆ బొమ్మ గీసినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కానీ వాళ్ళు ఆ గోడౌనులో ఎన్నడూ కూర్చోలేదు.

మన కోసం అచ్చయ్యే బొమ్మని మనమే ఎందుకు గీయకూడదు, మనమే ఎందుకు అచ్చు వేయకూడదు అనేదే ఈరోజు నేను మీ ముందు పెట్టదలచుకున్న ప్రశ్న. ప్రెస్సు మన చేతిలో లేదు కదా అంటారు. ఉంది. వంటింట్లోనే ఉంది.

నూనె, నీళ్ళు కలవవు. జిడ్డు గిన్నె తోమిన ప్రతి స్త్రీకీ ఇది తెలుసు. లిథోగ్రఫీ అనే ముద్రణ పద్ధతి మొత్తం ఈ ఒక్క సత్యం మీద నిలబడింది. లిథో అంటే గ్రీకులో రాయి. జర్మనీలోని బవేరియా ప్రాంతంలో సోల్న్‌హోఫెన్ అనేచోట దొరికే సున్నపురాతిని నున్నగా అరగదీసి, దాని మీద జిడ్డుగా ఉండే సుద్దతో బొమ్మ గీస్తారు. తుమ్మజాతి చెట్ల బంకలో కొద్దిగా ఆమ్లం కలిపి రాయంతా పూస్తారు. తర్వాత రాతిని తడుపుతారు. గీతలేని చోట రాయి నీళ్ళు పీల్చుకుంటుంది, గీత ఉన్నచోట జిడ్డు నీళ్ళని తోసేస్తుంది. అప్పుడు నూనె సిరా రోలరుతో పూస్తే, తడి ఉన్నచోట అంటదు, జిడ్డు గీత మీదే అంటుతుంది. కాగితం పరిచి ఒత్తితే బొమ్మ. చెక్కడం లేదు, అక్షరాలు పోత పోయడం లేదు. పలక మీద రాసినట్టు గీయడమే.

దీన్ని కనిపెట్టినవాడు అలోయిస్ సెనెఫెల్డర్. మ్యూనిక్‌లో నాటకాలు రాసుకునే యువకుడు. తన నాటకాలు అచ్చు వేయించుకునే స్తోమత లేక, చవకగా తానే అచ్చు వేసుకునే దారి వెతికాడు. 1796లో జరిగిందని ఆయనే చెప్పుకున్న సంగతి ఒకటుంది. బట్టలుతికే ఆమె గుమ్మంలో వచ్చి నిలబడింది. ఉతకడానికి వేసే బట్టల పద్దు రాయమని తల్లి అడిగింది. చేతికి కాగితం అందలేదు. మైనం, సబ్బు, దీపపు మసి కలిపి చేసుకున్న సిరాతో ఆ పద్దును పక్కనున్న రాయి మీద రాసేశాడు. ఆ రాతని ఆమ్లంతో అచ్చుకి పనికొచ్చేలా చేయవచ్చేమో చూద్దామని ప్రయత్నించాడు. రెండేళ్ళకి, 1798 నాటికి, లిథోగ్రఫీ రూపు దిద్దుకుంది.

ఈ కథ పుస్తకాల్లో వచ్చినప్పుడల్లా ఆ యువకుడి తెలివిని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కానీ ఆ గదిలో ఇంకో ఇద్దరున్నారు. లెక్క చెప్పిన తల్లి, గుమ్మం దగ్గర నిలబడిన చాకలామె. లిథో రాతి మీద మొదట పడిన మాటలు ఒక ఇంటి మాసిన బట్టల లెక్క. ఆ బట్టలు ఉతికిన ఆమె పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఇదే వరస తర్వాతా సాగింది. పంతొమ్మిదో శతాబ్దంలో న్యూయార్కులో కరియర్ అండ్ ఐవ్స్ అనే కంపెనీ లిథో బొమ్మలు వేసి అమ్మేది. నల్లసిరాతో అచ్చయిన బొమ్మలకి రంగులు వేసే పని స్త్రీలది. పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు వేసి పక్కవాళ్ళకి అందించేవాళ్ళు. ఇంగ్లండు నుంచి వలస వచ్చిన ఫానీ పామర్ ఆ కంపెనీకి రెండు వందల దాకా బొమ్మలు గీసి తన కుటుంబాన్ని పోషించింది. కంపెనీ యజమానుల పేర్లు ఇంటింటికీ తెలుసు. ఆమె పేరు ఎంతమందికి తెలుసు?

ఇక మన ఇళ్ళకి వద్దాం. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో లిథో ప్రెస్సు పెట్టాడు. యంత్రాలు జర్మనీవి. అక్కడి నుంచే లక్ష్మి, సరస్వతి పటాలు ఇంటింటి గోడ మీదికీ వచ్చాయి. గుడిలోకి రానివ్వని కులాల ఇళ్ళలోకి కూడా దేవతలు పటాలుగా వచ్చారని చరిత్రకారులు అంటారు. అది చిన్న విషయం కాదు. కానీ వాటితో పాటు, తెల్లటి ఒళ్ళు, ఒంటినిండా నగలు, పనిచేసిన గుర్తే లేని చేతులు ఉన్న బొమ్మ 'స్త్రీ అంటే ఇలా ఉండాలి' అన్నట్టు మన గోడల మీద స్థిరపడింది. ఈనాటి శివకాశి క్యాలెండర్లూ, దినపత్రికలూ అచ్చయ్యే ఆఫ్‌సెట్ పద్ధతి కూడా లిథో సంతానమే. రాయి పోయి అల్యూమినియం ప్లేటు వచ్చింది, సూత్రం మారలేదు. అంటే నూట ముప్ఫై ఏళ్ళుగా ఈ పద్ధతి మన బొమ్మని తయారు చేస్తూనే ఉంది, మనం లేకుండానే.

దీనికి ఎదురు నిలిచిన స్త్రీలూ ఉన్నారు. జర్మనీ చిత్రకారిణి కేతే కోల్విట్జ్ కొడుకు 1914 అక్టోబరులో, యుద్ధం మొదలైన కొద్ది నెలలకే చనిపోయాడు. పదేళ్ళ తర్వాత, 1924లో, 'ఇక యుద్ధం వద్దు' అనే పోస్టరు ఆమె లిథోలోనే వేసింది. గర్భస్రావాన్ని నేరం చేసిన చట్టాన్ని రద్దు చేయాలని ఇంకో పోస్టరు వేసింది. అందులో ఒక పేదతల్లి, కడుపుతో ఉంది, చంకలో ఒక బిడ్డ. ఆమె చేసినవి లిథోలే ఎందుకంటే, అది చవక, వేగం, ఎక్కువమందికి చేరుతుంది.

మన దేశంలో రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లా పల్లెల స్త్రీలు 75 మంది కలిసి తమ శరీరం గురించి తామే ఒక పుస్తకం తయారు చేసుకున్నారు. 'శరీర్ కీ జాన్‌కారీ' దాని పేరు. ముందు చేత్తో తయారు చేసుకున్న ఆ పుస్తకాన్ని 1989లో కాళీ ఫర్ విమెన్ సంస్థ అచ్చు వేసింది. శరీరాన్ని నగ్నంగా చూపితే ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు కాబట్టి, ఆ స్త్రీలే ఉపాయం కనిపెట్టారు. బొమ్మలో ఆమె దుస్తుల్లోనే ఉంటుంది, ఆ కాగితపు దుస్తుని పైకెత్తితే లోపల శరీరం కనిపిస్తుంది. ఏ పట్నపు చిత్రకారుడికి తడుతుంది ఈ ఊహ?

మన సంగతీ గుర్తు చేసుకోండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో వయోజనుల వాచకంలోని సీతమ్మ కథ సారా మీద స్త్రీల కోపానికి మాటనిచ్చింది. దూబగుంట స్త్రీల పోరాటం మళ్ళీ వాచకంలో పాఠమై, మిగిలిన ఊళ్ళకి చేరింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారాపై నిషేధం వచ్చింది. అచ్చు కాగితం మన బతుకులాగా కనిపించినప్పుడు ఏం చేయగలదో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు చేతి పనికి వద్దాం. లిథో రాయి బరువు, ఖరీదు. దానికి బదులు వంటింటి సామానుతో లిథో చేసే పద్ధతిని 2011లో ఫ్రాన్సు చిత్రకారిణి ఎమిలీ ఐజియే రూపొందించింది. కావలసినవి: చపాతీలు చుట్టే సిల్వర్ ఫాయిల్, బట్టల సబ్బు, కోలా సీసా, వంటనూనె, కొద్దిగా వెనిగర్, స్పాంజి, స్టీలు గరిటె. బయట నుంచి తెచ్చుకోవలసినవి రెండే. ఒకటి నూనె సిరా. ఆఫ్‌సెట్ ప్రెస్సులో అడిగితే డబ్బా అడుగున మిగిలిన నల్లసిరా ఇస్తారు. రెండోది చిన్న రబ్బరు రోలరు. అది దొరక్కపోతే అప్పడాల కర్రకి సైకిలు ట్యూబు ముక్క బిగుతుగా తొడిగి వాడవచ్చు. ఆ కర్ర మళ్ళీ అప్పడాలకి వాడకండి.

మొదట ఒక గాజుపలక గాని, గట్టి ప్లాస్టిక్ అట్ట గాని తీసుకుని దాని మీద ఫాయిల్‌ని ముడతల్లేకుండా పరచండి. మెరుపు తక్కువ ఉన్న వైపు పైకి ఉండాలి. అంచులు వెనక్కి మడిచి టేపు అంటించండి. ఎంత మందం ఫాయిల్ అయితే అంత మంచిది. దూదిని వెనిగర్‌లో ముంచి ఒకసారి తుడిచి ఆరనివ్వండి. ఆ తర్వాత వేలు తగలనివ్వకండి. మన వేలికుండే జిడ్డు చాలు, వేలిముద్ర కూడా అచ్చయిపోతుంది. నిశానీ వేయమంటే వేలు చాపడం అలవాటైన వాళ్ళం మనం, ఇక్కడ మాత్రం వేలు వెనక్కి పెట్టుకోవాలి.

ఎండిన సబ్బు బిళ్ళని కత్తితో కోసి మొన తేల్చి, దానితో బొమ్మ గీయండి. పిల్లల మైనం క్రేయాన్లు కూడా పనికొస్తాయి. ఫాయిల్ చిరగకుండా తేలిక చేత్తో గీయండి. ముగ్గు వేసే చేతికి ఇదేం కష్టం కాదు.

గీసిన తర్వాత కోలాని రేకంతా తడిసేలా ఒక వైపు నుంచి పొయ్యండి. కొద్ది సెకన్లు ఉంచి, మంచినీళ్ళతో కడిగేయండి. కోలాలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. సీసా మీద 338 అనే అంకె ఉందేమో చూసుకోండి, అది దాని గుర్తు. సబ్బు లేని చోట ఈ ఆమ్లం అల్యూమినియం ఉపరితలాన్ని మార్చి, తడిని నిలుపుకునేలా చేస్తుంది. సబ్బు కింద భాగాన్ని ముట్టుకోదు.

ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను నిలదీస్తారు. నిలదీయాలి కూడా. కేరళలోని ప్లాచిమడలో కోకకోలా ఫ్యాక్టరీ మా బావుల నీళ్ళు పాడుచేసిందని 2002లో మయిలమ్మ అనే ఆదివాసీ స్త్రీ ముందు నిలిచి పోరాటం నడిపింది. 2004లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అలాంటి సీసా మన చేతిలోనా అంటారు. ఏ చిన్న కంపెనీ కోలా అయినా సరిపోతుంది, ఒక్క సీసా చాలా రేకులకి వస్తుంది. ఇక నిర్ణయం మీది. ఈ ప్రశ్న మీ శిబిరాల్లో లేస్తే, ప్లాచిమడ గురించి మాట్లాడటానికి అదే మంచి సందర్భం.

తర్వాత దూదితో వంటనూనె తీసుకుని సబ్బు గీతల్ని తుడిచేయండి. రేకు ఖాళీగా కనిపిస్తుంది. బొమ్మ పోయిందని కంగారుపడకండి. ఉంది, కంటికి ఆనట్లేదు అంతే. ఇప్పుడు తడి స్పాంజితో రేకంతా తుడవండి. తడి ఆరకముందే రోలరుతో సిరా పలచగా పూయండి. మళ్ళీ తడపండి, మళ్ళీ పూయండి. మూడు నాలుగు సార్లకి గీతలు నల్లగా పైకి తేలతాయి. ఖాళీ చోట సిరా అంటుతోందంటే తడి చాల్లేదని అర్థం. ఒకరు స్పాంజి పట్టుకుని, ఇంకొకరు రోలరు పట్టుకుంటే పని సజావుగా సాగుతుంది. ఒంటరిగా చేయడం కష్టం. అందుకే ఇది సంఘం పని అంటాను.

కొద్దిగా చెమ్మ చేసిన కాగితం పైన పరిచి, దాని మీద ఇంకో కాగితం వేసి, గరిటె వెనక భాగంతో గుండ్రంగా రుద్దండి. ఒక మూల పట్టుకుని మెల్లిగా లేపండి. పని అయ్యాక సిరాని వంటనూనెతో తుడిచి, సబ్బుతో కడిగితే పోతుంది, కిరసనాయిలు అక్కర్లేదు. సిరా తగిలిన గరిటె, స్పాంజి, దూది మళ్ళీ వంటకి వాడకండి.

రెండు విషయాలు ముందే చెప్పాలి. మొదటిది, బొమ్మ అద్దంలోలాగా తిరగబడి వస్తుంది. ఎడమ భుజం మీద వేసిన పైట అచ్చులో కుడి భుజం మీదికి పోతుంది. అందుకని గీసేటప్పుడే తిప్పి గీయాలి. అక్షరాలైతే తప్పకుండా తిప్పి రాయాలి. పలచటి కాగితం మీద ముదురు సిరాతో రాసి, వెనక్కి తిప్పి కిటికీ వెలుగులో చూస్తే తిరగబడిన అక్షరం కనిపిస్తుంది, దాన్ని ఎదురుగా పెట్టుకుని రాయండి. అక్షరాలు తక్కువ, బొమ్మ ఎక్కువ ఉండటం మేలు. చదువు రానివాళ్ళు వెనకపడని పని ఇదొక్కటే అని నాకనిపిస్తుంది. తిరగబడిన అక్షరం ముందు అందరం ఒకటో తరగతే.

రెండోది, ఒక రేకు మీద చేతివేళ్ళ లెక్కలోనే ప్రతులు వస్తాయి. ఆ తర్వాత రేకు ముడతలు పడుతుంది, గీత చెదురుతుంది. వెయ్యి కరపత్రాలు కావాలంటే, మంచి అచ్చు ఒకటి ఎంచుకుని ప్రెస్సుకి ఇవ్వండి. కానీ ఆ వెయ్యికీ మూలం మన బొమ్మ అవుతుంది. ప్రతులు తక్కువ కావడం నాకు లోపంగా కనిపించదు. ఏం గీయాలో తేల్చుకోవడానికి ఆ గంటసేపు జరిగే మాటలే అసలు పని.

ఇందాక చెప్పిన ఆ మిర్చి కూలీ స్త్రీలకి రేకులిచ్చి కూర్చోబెట్టాం. మొదట చాలామంది పువ్వులు, పిట్టలు గీశారు. మెల్లిగా మాటలు మొదలయ్యాయి. మేస్త్రీ ఎక్కడ నిలబడతాడు, బస్తా ఎత్తేటప్పుడు ఎవరి చెయ్యి ఎక్కడికి వస్తుంది, తూకం దగ్గర ఎందుకు ఆలస్యం చేస్తారు. అవి మీటింగులో నేరుగా అడిగితే ఎన్నడూ రాని మాటలు. తల వంచుకుని సబ్బుతో గీస్తూ చెప్పుకున్నారు. చివరికి వాళ్ళు గీసిన బొమ్మలో ఏడ్చే స్త్రీ లేదు. ముక్కుకి కొంగు కట్టుకున్న ఐదుగురు స్త్రీలు, కాయల కుప్ప ముందు నుంచి లేచి నిలబడి ఉన్నారు. ఐదుగురి వేళ్ళూ ఒకే వైపు చూపిస్తున్నాయి. వేళ్ళు చూపించే వైపు ఏముందో గీయలేదు. "అది చూసేవాడికి తెలుస్తదిలే" అంది ఒకావిడ. కింద స్థానిక కమిటీ చిరునామా, 181 నంబరు మాత్రం ఉన్నాయి.

మీరు జాగ్రత్త పడవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. 2013 చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసిన ఆమె పేరు, చిరునామా, ఆనవాళ్ళు, విచారణ వివరాలు బయట పెట్టకూడదు. జరిగిన సంఘటననే బొమ్మగా వేసి, అది ఎవరిదో ఊరందరికీ తెలిసేలా చేయకండి. చట్టం మాట అలా ఉంచి, ఆమెకు మళ్ళీ గాయం చేసినవాళ్ళమవుతాం. ఎన్నికల రోజుల్లో ఇంకో సంగతి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం, పోస్టరు మీద అచ్చు వేసినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలి. చేత్తో నకలు రాయడం తప్ప, ప్రతులు తీసే ఏ పద్ధతినైనా ముద్రణగానే ఆ సెక్షన్ చూస్తుంది. మన వంటింటి రేకు కూడా దాని కిందికే వస్తుంది. తప్పితే ఆరు నెలల వరకు జైలు గాని, రెండు వేల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. చట్టం మన వంటింటిని ప్రెస్సుగా గుర్తించింది. మనమే ఇంకా గుర్తించలేదు.

చివరగా ఒక మాట. వంటింటి సామానుతో అచ్చు అనగానే ఇది ఆడవాళ్ళ కాలక్షేపం, తీరిక పని అని తీసిపారేసేవాళ్ళుంటారు. స్త్రీలని వంటింటికే కట్టేస్తున్నారా అని అడిగే మిత్రులూ ఉంటారు. వంటింట్లో మనం చేసే చాకిరీకి లెక్క లేదు, విలువ లేదు. ఆ చాకిరీని గొప్ప చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ చాకిరీలోనే ఏది దేనితో కలుస్తుందో, ఏది దేన్ని తోసేస్తుందో మన చేతులకి తెలిసింది. ఆ తెలివి మనది. దాన్ని అక్కడ వదిలేసి రానక్కర్లేదు.

మీ ఊళ్ళకి వెళ్ళాక ఒక్క పని చేయండి. మీ జిల్లా స్థానిక కమిటీ ఎక్కడుందో, దానికి అధ్యక్షురాలెవరో కనుక్కోండి. ఆ చిరునామా తీసుకుని, పదిమంది కూలీ స్త్రీలతో, ఒక సబ్బు బిళ్ళతో కూర్చోండి. ఏం గీయాలో మీరు చెప్పకండి. వాళ్ళని గీయనివ్వండి.